పక్కన వంగి చూసే మనిషి

సిద్దిపేట పాత బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రామేశ్వర్ సేటు భార్య ప్రమీలాదేవి, వానాకాలంలో ప్రతి ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి, చింతమడక తోవలో ఒక గుట్ట దగ్గర దిగి, బండ మీద బోర్లా పడుకుంటుంది. వయసు యాభై ఆరు. ఒంటి మీద ముతక నూలు చీర, కాళ్ళకు మగవాళ్ళ కాన్వాసు బూట్లు, మెడలో పుస్తెలతాడుతో పాటు నల్లదారానికి కట్టిన చిన్న భూతద్దం. బంగారం పనివాళ్ళు కంటికి ఆనించుకుని చూసే రకం అది. చేతిసంచిలో దుకాణం నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్ళెం ఒకటి. దూరం నుంచి చూసినవాళ్ళు ఎవరో ఆడమనిషి సొమ్మసిల్లి పడిపోయిందనుకుంటారు. ఒకసారి గొర్లు మేపుకునేవాళ్ళు ఇద్దరు నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆమె తల కూడా ఎత్తకుండా, నీడ పడుతోంది, పక్కకు జరగమంది.

అక్కడ ఆమె చేసే పని చూడడం. వానకు బండ గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. కొద్ది రోజులకే ఆ నీళ్ళలో రొయ్య జాతి జీవులు కొన్ని కనిపిస్తాయి. గోరంత పొడవు, గాజులాంటి ఒళ్ళు, ఈక ముక్కల్లాంటి కాళ్ళు. ఆ కాళ్ళను అలలా కదుపుతూ వెల్లకిలా ఈదుతాయి. వాటిని పళ్ళెంలోకి తోడుకుని, చూసి, మళ్ళీ గుంటలోనే వదిలేస్తుంది. అక్కడి నుంచి లేచి గుట్ట కింద పొదల్లో తిరుగుతుంది. తుమ్మ మొద్దుల మీద చెవుల్లా మొలిచే గట్టి ఫంగస్, పేడ మీద ఒక్క పూట నిలిచి నల్లటి సిరాలా కరిగిపోయే గొడుగులు, కుళ్ళిన వెదురు కింద తెల్లటి జాలీ పరికిణీ విప్పుకుని చచ్చిన ఎలుక కంపు కొట్టే ఒక పుట్టగొడుగు. ఈ చివరిదాని దగ్గర ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరగంట కూర్చోగలదు.

ప్రకృతి ఒడిలో సేదతీరడం, మనశ్శాంతి, చెట్టూ చేమా మన చుట్టాలు - ఇలాంటి మాటలు ఆమె నోట ఎవరూ వినలేదు. ఆమె భూమిని కాపాడడం లేదు. మొక్కలు నాటి ఫోటో దిగడం లేదు. ఆ రొయ్యలంటే ప్రేమా అని అడిగితే, ప్రేమేంటి, వాటికి నేనెవరో కూడా తెలియదు కదా అంటుంది. ఏ జీవి ఎలా బతుకుతోందో చూడాలని ఆమెకు ఉంటుంది. కొందరికి పక్కింటి గొడవ వినాలని ఉన్నట్టు. దానికి అంతకన్నా పెద్ద పేరు పెట్టడం అనవసరం.

ఆమెకు లేనిదల్లా ఒక్కటే. 'ఇగో, ఇది చూడు' అన్నప్పుడు పక్కన వంగి చూసే మనిషి.

అలాంటి మనిషి ఆమెకు జీవితంలో ఒక గంటసేపు దొరికింది. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఎస్సీ చదివే రోజుల్లో, జువాలజీ వాళ్ళను విశాఖపట్నం తీసుకుపోయారు. ఆటు వేళ. సముద్రం వెనక్కి తగ్గి రాళ్ళ మధ్య చిన్న చిన్న మడుగులు మిగిలాయి. ఒక మడుగులో పువ్వులా విచ్చుకుని ఉన్న జీవి ఒకటి. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి దాని నడుమ వేలు పెట్టింది. అది వేలి చుట్టూ ముడుచుకుంది. ఇద్దరి తలలు టక్కుమని కొట్టుకున్నాయి, ఇద్దరూ తల ఎత్తలేదు. ఎండ్రకాయ గుల్ల మారడం చూశారు. నక్షత్ర చేప ఒకటి రాయిని పట్టుకుని జానెడు దూరం నడవడం చూశారు. నీళ్ళు పాదాల మీదికి వచ్చి, సార్ ఈల వేసి పిలిచేదాకా ఒకరు చూపిస్తే ఒకరు చూశారు. ఆ అమ్మాయి ఇప్పుడు నిజామాబాదులో ఉంది. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో దేవుడి బొమ్మ పంపుతుంది.

చదువు అయిపోగానే పెళ్ళి. అత్తగారిల్లు దుకాణం పైనే. వెల్లుల్లి కూడా కొన్ని రోజులు గడప దాటని ఇల్లు అది. ఆ ఇంట్లో పుట్టగొడుగు నీసు కింద లెక్క. వండడం సంగతి దేవుడెరుగు, పేరు కూడా వంటింట్లో ఎత్తకూడదు. ఒక వానాకాలం స్నానాలగది తలుపు చెక్కకు తెల్లటి గొడుగులు నాలుగు మొలిస్తే, అత్తగారు తలుపే మార్పించింది. ప్రమీలాదేవి అప్పటికి వాటిని చూసేసింది. పుట్టగొడుగుల సంగతి మొదలైంది అక్కడే. అత్తగారు పోయి చాలా ఏళ్ళయినా ఫోన్లో తీసుకున్న పుట్టగొడుగుల ఫోటోలు ఇంట్లో ఎవరికైనా చూపించాలంటే ఆమెకు ఇప్పటికీ గొంతు తగ్గుతుంది.

రామేశ్వర్ చెడ్డవాడు కాదు. ఆటో ఎల్లన్నకు నెలకింతని తనే ఇచ్చేస్తాడు, ఎందుకు పోతున్నావని అడగడు. ఒకసారి కారులో వెంట కూడా వచ్చాడు. గుట్ట కింద కారులోనే కూర్చుని ఇత్తడి రేటు గురించి ఫోన్లో మాట్లాడి, తర్వాత పైకొచ్చి, నిలబడే గుంటలోకి చూసి, దోమ పిల్లలా అన్నాడు. కావంది. ఏం పనికొస్తాయన్నాడు. పనికి రావంది. సరే అని మెల్లగా దిగిపోయాడు. ఇంతకన్నా అతను పోట్లాడినా బాగుండేదని ఆమెకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి నేచర్ వాక్‌లని తీసుకుపోయేవాళ్ళతో కూడా ఒకసారి పోయింది. నర్సాపూర్ అడవిలో యాభై మంది. ఒకరి పుట్టినరోజు కేకు కోశారు. నాయకుడు అందరినీ ఒక్కొక్కరుగా ఒక పెద్ద చెట్టును కౌగిలించుకోమన్నాడు. ఆమె వంతు వచ్చింది. బెరడు పగుల్లో నారింజ రంగు బంకలాంటిది పాకుతూ ఉంది. కౌగిలింత మాని భూతద్దం తీసింది. వెనక వరుస ఆగిపోతోందమ్మా, త్వరగా కానియ్యండి అని తొందరపెట్టారు. మళ్ళీ పోలేదు.

ఇక విమలమ్మ. కోమటి చెరువు కట్ట మీద పొద్దున నడిచే ఆడవాళ్ళలో ఒకామె. ప్రమీలాదేవికన్నా నాలుగైదేళ్ళు చిన్న. భర్త నర్సింహ భూములున్న ఇంటివాడు. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తూ, పండగకొక ఫ్లెక్సీ కట్టించుకునే స్థాయి రాజకీయంలో ఉన్నాడు. చింతమడక తోవలో ఇంకా అమ్మకుండా మిగిలిన పొలం కొంత ఉంది. విమలమ్మకు మోకాళ్ళ నొప్పి, చక్కటి నవ్వు. ఎవరి ఇంట్లో ఏం వండారో కనుక్కునే అలవాటు.

నాలుగేళ్ళు కట్ట మీద ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు తప్ప మాట కలవలేదు. కలిపింది శ్రావణమాసం. విమలమ్మ ఇంట్లో శ్రావణం పొడుగునా కూర చట్టిలో ముక్క పడదు. నర్సింహకు ముక్క లేనిదే ముద్ద దిగదు. మధ్యలో దారి ఒకటే: పుట్టకొక్కులు. పుట్టల మీద వానకు లేచే తెల్లటి గొడుగులు. వండితే మాంసంలా ఉంటాయి, మాంసం కావు. ఒక ఇంట్లో నీసు అని గడప దాటనివ్వనిది, ఇంకో ఇంట్లో నీసు కాదు కనుక పవిత్రమైన నెలలో తినదగింది. దీని మీద ఎవరికి వాళ్ళు శాస్త్రం చెప్పగలరు. ఆ గొడుగుకు ఆ గొడవేదీ తెలియదు.

సేటమ్మకు అవి మొలిచే జాగలు తెలుసట అని ఎవరో చెప్పారు. విమలమ్మ కట్ట మీద ఆపి అడిగింది. ఏ గుట్ట అని అడిగి, నువ్వు పోయే గుట్ట మా పొలం పక్కనే కదా అక్కా అని ఆశ్చర్యపోయింది. వచ్చే ఆదివారం తానూ వస్తానంది. ప్రమీలాదేవి ఆ శనివారం రెండో పళ్ళెం ఒకటి దుకాణంలోంచి తీసి పెట్టుకుంది. ఇడ్లీలు రెండు డబ్బాల్లో సర్దింది.

మొదటి ఆదివారం పొలం గట్టు మీది పుట్ట బోడిగానే ఉంది. ఇద్దరూ గుట్ట ఎక్కారు. విమలమ్మ మోకాళ్ళు తిట్టుకుంటూ, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కింది. గుంట దగ్గర ప్రమీలాదేవి పళ్ళెం ముంచి పైకి తీసింది. తెల్లటి స్టీలు మీద గాజు జీవులు పది, వెల్లకిలా. విమలమ్మ వంగింది. ఊరికే వంగడం కాదు, రెండు చేతులూ బండ మీద ఆనించి, ముక్కు పళ్ళెం అంచుకు తగిలేలా వంగింది.

"ఎల్లెలుకల ఈదుతున్నయేంది అక్కా ఇవి?" అంది. కాసేపాగి, "మరి ఎండకాలం యాడికి పోతయి?" అంది.

ఆ ప్రశ్న అప్పటిదాకా ప్రమీలాదేవిని ఎవరూ అడగలేదు. గుడ్లు అడుగున మట్టిలో ఎండిపోయి ఉంటాయని, ఏళ్ళ తరబడి అట్లాగే ఉండగలవని, వాన పడితే లేస్తాయని చెప్పింది. తొందరగా పెరిగి, గుడ్లు పెట్టి, గుంట ఎండేలోపు పని ముగించుకుంటాయని చెప్పింది. కొత్త పెళ్ళికూతురిలా మాట్లాడుతున్నానని తనకే సిగ్గేసింది.

విమలమ్మ తల ఊపింది. "మా అత్త లెక్కనే. సచ్చినట్టు పండుతది. చుట్టాలొచ్చిన సప్పుడు గాంగనే లేసి కూసుంటది."

ప్రమీలాదేవి బండ మీద పడి పడి నవ్వింది. రొయ్యల మీద ఒకరు హాస్యమాడగా వినడం ఆమెకు అదే మొదలు. ఆ తర్వాత విమలమ్మ తానే ఇంకో గుంట వెతికి, అందులో కప్ప పిల్లలున్నాయని పిలిచింది. ఒకరు చూపిస్తే ఒకరు చూశారు. ఇడ్లీలు తిన్నారు. దిగేటప్పుడు విమలమ్మ, మళ్ళీ వారానికి కొక్కులు లేస్తాయి కదా అక్కా అంది. లేస్తాయి అంది ప్రమీలాదేవి. అప్పుడే ఆమెకు లెక్క తెలిసిపోయింది. కొక్కులు లేచి, కోసి, వండి, తిన్న మరునాడు ఈ మనిషికి గుట్టతో పని ఉండదు.

రెండో ఆదివారం ఆటో దిగుతూనే ప్రమీలాదేవి పుట్ట వైపు చూసింది. దాని మొదట్లో బూడిదరంగు మొనలు పదీ పదిహేను మట్టిని చీల్చుకుని వస్తున్నాయి. ఒకటో రెండో అప్పటికే విచ్చుకున్నాయి. ఒక్కదాన్నే ఉంటే కాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చునేది. ఆ వేళ విమలమ్మ చేయి పట్టుకుని, గట్టు బురదగా ఉంది, ఇటు నుంచి పోదామని పొదల వెంట చుట్టూ తిప్పి తీసుకుపోయింది. లేచినయా అక్కా అని అడిగితే, ఇంకా లేదు, వచ్చే వారం అని చెప్పింది. అబద్ధం చెప్పడానికి ఆమెకు పెద్దగా కష్టం కాలేదు. ఆ సంగతి ఆమెను తర్వాత చాలాసేపు తొలిచింది. కానీ గుట్ట మీద, ఆ సమయంలో, ఇద్దరూ ఒకే పళ్ళెం మీద తలలు పెట్టి ఉండగా, ఏమీ తొలవలేదు.

గురువారం మధ్యాహ్నం విమలమ్మ ఫోటో పంపింది. నాట్ల పని చూడడానికి పొలం పోయిన నర్సింహ, గట్టు మీది పుట్ట దగ్గర మిగిలినవాటిని తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు. చిన్నప్పుడు తిన్నానని, ఇవేనని అతను అంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా సిద్దిపేటలో ఉండి పొలం మర్చిపోయినవాడి మాట విమలమ్మకు నమ్మకం లేదు. ఇవేనా అక్కా, వండాల్నా అని రాసింది.

ఫోటో చూసి ఎవరినీ తినమని చెప్పకూడదని ప్రమీలాదేవికి ఒక నియమం ఉంది. చాలా మంచి నియమం. దాని ప్రకారం చెప్పలేను అని రాసి ఊరుకోవచ్చు. కానీ ఇక్కడ ఫోటోతో పని లేదు. అదే పుట్ట, అవే గొడుగులు, ఆదివారం ఆమె తన కళ్ళతో చూసినవే. అవును అనవచ్చు. చెప్పలేను అనవచ్చు. ఆమె, "వద్దు. విషం ఉంటది. పారేయున్రి" అని రాసింది.

జాగ్రత్త చెప్పేవాళ్ళను లోకం ఎదురు ప్రశ్న అడగదు. తిను అన్నవాడిని ఆధారం చూపమంటారు, తినొద్దు అన్నవాడికి దండం పెడతారు. నర్సింహ కోపంగా మూటను మోరీలో పారేసి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడట. ఆదివారం కలుద్దాం అక్కా అని విమలమ్మ జవాబు రాసింది. ప్రమీలాదేవికి కావలసింది అదే. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో పాట కూనిరాగం తీయడం విని రామేశ్వర్ గల్లా దగ్గర నుంచి తలెత్తి మెట్ల వైపు చూశాడు.

మరునాడు కట్ట మీద సంగతి వేరే రూపంలో ఎదురైంది. విమలమ్మ దూరం నుంచే చేతులు చాచి వచ్చింది. వెంట పదిమంది. ఈ అక్క లేకపోతే మా ఇంటిల్లిపాదీ దవాఖానలో ఉండేవాళ్ళమని ఇప్పటికే అందరికీ చెప్పేసింది. ఒకామె ప్రమీలాదేవి కాళ్ళకు వంగబోయింది. ఇంకొకామె లేడీస్ క్లబ్బులో శాలువా కప్పాలంది. మన ఊళ్ళో శాలువా కప్పించుకోకుండా తప్పించుకోవడం కష్టం. అయినా ప్రమీలాదేవి ఎలాగో తప్పించుకుంది. తప్పించుకోలేకపోయింది తర్వాతి మాట నుంచి.

తినే కొక్కులు విషమెందుకు అయ్యాయన్నది వాళ్ళ ప్రశ్న. రాత్రి నుంచి విమలమ్మ ఇంట్లో దీని మీదే మాట. జవాబు కూడా దొరికింది. నాగుల పంచమికి ఏటా పొలం గట్టు మీది పుట్టలోనే పాలు పోసేవాళ్ళు. రెండు మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పి అని, బురద అని, కాలనీ పక్కనున్న పుట్టలో పోసి వచ్చేస్తున్నారు. సొంత పుట్టలో దేవుడిని వదిలేసి పరాయి పుట్టకు పోతే ఆయన ఊరుకుంటాడా? విషం కక్కాడు. అయినా దయగలవాడు కనుక సేటమ్మ ద్వారా ముందే చెప్పించాడు. ఎక్కడా అతుకు కనిపించని వాదన. యూనివర్సిటీలో ఇంతకన్నా అధ్వానమైన వాదనలకు పట్టాలిచ్చారు.

ప్రమీలాదేవి పదిమందిలో నిజం చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి, ఆదివారం గుట్ట మీద ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పేద్దామనుకుంది.

అంతదాకా రాలేదు. శనివారం పొద్దున విమలమ్మే వచ్చింది. కింద దుకాణంలో ముందు ఇత్తడి నాగపడిగె ఒకటి బేరం చేసింది. చాన్నాళ్ళుగా అమ్ముడుపోని దాన్ని దుమ్ము తుడిచి ఇస్తూ రామేశ్వర్ ఎంతో సంతోషించాడు. తర్వాత ఆమె కుంకుమ భరిణె పట్టుకుని పైకొచ్చింది. ఆదివారం పొలంలో పుట్టకు పూజ. నర్సింహ నాలుగు వైపులా గద్దె కట్టించి రేకులు వేయిస్తున్నాడు. మొదటి పాలు ప్రమీలాదేవే పోయాలి. బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది.

ప్రమీలాదేవి బొట్టు పెట్టించుకోలేదు. విమలమ్మ చేయి పట్టుకుని ఆపింది.

"విమలా, గవి ఇసం గావు."

"ఏవి?"

"నర్సింహన్న తెచ్చినయి. మంచియే. తినేటియే. ఐతారం నాడే లేచినయి. నేను చూసిన. నిన్ను చుట్టు తిప్పి తీస్కపోయిన."

విమలమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కింద దుకాణంలో ఎవరో బిందెలు వాయించి చూస్తున్నారు. "మరి ఇసమని ఎందుకు రాసినవ్?"

"తింటే నువ్వు మళ్ళ రావని."

"యాడికి?"

"గుట్టకు."

విమలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. రొయ్యల పళ్ళెంలోకి చూసినట్టే చూసింది. ఆ కొద్దిసేపూ ఆమెకు అన్నీ కనిపించాయి: రెండు డబ్బాల ఇడ్లీలు, పొదల వెంట చుట్టుదారి, బండ మీద పడి పడి నవ్విన నవ్వు. ప్రమీలాదేవికి అది తెలిసింది. తిడుతుందేమోనని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. తిట్టడమంటే తనను తనుగా చూడడమే కదా.

కానీ అట్లా చూస్తూ ఉండడం కష్టం. గద్దె కట్టే మేస్త్రీ పొద్దున్నే వచ్చేశాడు, ఫ్లెక్సీ అచ్చుకు పోయింది, ముప్పై ఇళ్ళకు బొట్టు పెట్టడం అయిపోయింది. విమలమ్మ ముఖం మెల్లగా తేటపడింది.

"నువ్వన్లే అక్కా," అంది. "నీతోని అనిపిచ్చిండు. నీ నోట్ల ఆయనే కూసున్నడు. లేకుంటే నీ అసొంటి మనిషి అబద్ధమాడుతదా?"

"నేనే ఆడిన, విమలా. దేవుడు కాదు, నేను. ఒక్కదాన్నే పోలేక."

"ఊకో అక్కా. అట్లనొద్దు, కండ్లు పోతయి." ఆమె ఎంతో ప్రేమగానే అంది. ప్రమీలాదేవి నుదుట బొట్టు పెట్టింది, మెడకు గంధం రాసింది.

"మరి గుట్టకు వస్తవా?" అని అడిగింది ప్రమీలాదేవి. అడగకుండా ఉండలేకపోయింది.

"ఇగ ప్రతి ఐతారం పుట్ట కాడనే ఉంటం గదా. నువ్వే రా. నలుగురిల ఉంటే నీకు గూడ మంచిగనిపిస్తది."

అంటే విన్నదన్నమాట. ఒక్కదాన్నే పోలేక అన్న ముక్క ఆమె చెవిన పడింది. పడి, మందు కూడా రాసిచ్చింది.

ఆదివారం నర్సింహ కారు పంపించాడు. పుట్టను గుర్తుపట్టడం కష్టమైంది. పసుపు నీళ్ళతో కడిగి, కుంకుమ బొట్లు పెట్టి, నడిమిన కొత్త నాగపడిగె గుచ్చి ఉంది. పైన రేకులు. పక్కన ఫ్లెక్సీలో చేతులు జోడించిన నర్సింహ, దేవుడికన్నా రెండింతలు పెద్దగా. పాల ప్యాకెట్లు డబ్బాల్లో వచ్చాయి. ఇద్దరు ఆడపిల్లలు పళ్ళతో కొరికి మూలలు చించి చెంబుల్లో నింపుతున్నారు. ఇంతమంది ఆడవాళ్ళు ఆ గట్టు మీదికి ఎప్పుడూ వచ్చి ఉండరు. అందరూ ఆమెను పేరు పెట్టి పలకరించారు. కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు, కాలు జారుతుందని చేయి పట్టుకున్నారు. నాలుగేళ్ళుగా కట్ట మీద ఎదురుపడి తల తిప్పుకుపోయిన ఒకామె, సేటమ్మా, మీ బిడ్డ కరీంనగర్లనే కదా ఉండేది అని మంచీ చెడ్డా అడిగింది. ఆ దయను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. అది నిజమైన దయే. కాకపోతే అబద్ధానికి చెల్లుతోంది.

పంతులు పేరూ గోత్రం చెప్పించాక, చెంబు ఆమె చేతికిచ్చి ముందుకు నెట్టారు. విమలమ్మ పక్కనే నిలబడింది, భుజానికి భుజం తగిలేలా.

ప్రమీలాదేవి వంగింది. అలవాటు కొద్దీ కళ్ళు పుట్ట మొదటికి పోయాయి. తూర్పు వైపు, పసుపు ముద్దలో చీలిక. చీలికలోంచి బూడిదరంగు మొనలు మూడు, ఒకదాన్నొకటి ఒరుసుకుని. రెండో విడత. ఆ పొద్దుకే పైకొచ్చి ఉంటాయి. ఒకదాని నెత్తిన కుంకుమ రవ్వ ఉంది. ఆ గొడుగు దాన్ని అట్లాగే మోసుకుని లేచింది. ఆమె చేయి తనంతట తానే మెడలో భూతద్దం కోసం తడిమింది. దాన్ని ఇంట్లో వదిలి వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది.

"విమలా, ఇగో, చూడు," అంది చిన్నగా.

విమలమ్మ కూడా వంగింది. ఇద్దరి తలలు దాదాపు తగిలాయి. విమలమ్మ చేతులు జోడించి ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి.

"మొక్కుకో అక్కా," అంది కళ్ళు తెరవకుండానే.

వెనక నుంచి కానియ్యమని ఎవరో భుజం తట్టారు. ప్రమీలాదేవి చెంబు వంచింది. పాలను కొంచెం పక్కకు పోసింది, మొనల మీద పడకుండా. తర్వాత పక్కకు జరిగింది. ఆమె వెనక వరుసలో ఉన్న ముప్పై మందీ సూటిగా పోశారు.

గుట్ట అక్కడికి రెండు మళ్ళ దూరం. ఖాళీ చెంబును ఒక అమ్మాయి చేతికిచ్చి, ఆమె గట్టు దిగి నాటు వేసిన మడి పక్కగా నడిచింది. ఎవరూ పిలవలేదు. అందరూ కళ్ళు మూసుకుని మొక్కుతున్నారు, పంతులు తెరవమని ఇంకా చెప్పలేదు.